కడుపంటే గర్భసంచి ఒక్కటేనా?

ఆడవాళ్లు తమ ఆరోగ్యాన్ని నిర్లక్ష్యం చేస్తారనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. దినపత్రికల ఫ్యామిలీ పేజీల్లో, టీవీ డాక్టర్ల కార్యక్రమాల్లో, ఆసుపత్రి గోడల మీది పోస్టర్లలో ఆ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని ప్రశ్నించాలని కూడా ఎవరికీ తోచదు. ఈమధ్య ఒక ఆదివారం సంచికలో అపెండిసైటిస్ లక్షణాల గురించి అరపేజీ వ్యాసం చదివాను. లక్షణాలన్నీ సరిగ్గానే రాశారు. చివరికొచ్చేసరికి మాత్రం, స్త్రీలు దీన్ని బహిష్టు నొప్పిగా పొరబడి ఇంట్లోనే ఉండిపోతారని, అలా ప్రాణం మీదికి తెచ్చుకుంటారని ముక్తాయించారు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి వాక్యంలో కర్త ఎవరో చూడటం నాకు అలవాటు. పొరబడేది ఎవరు? నిర్లక్ష్యం ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు నా పొట్ట మీద నాలుగంగుళాల మచ్చగా ఉంది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

2017 జులైలో, థీసిస్ చివరి అధ్యాయం రాస్తున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ఫలానా చోట అని చెప్పలేని నొప్పి. బహిష్టుకి ఇంకా మూడు రోజులుంది. నెలనెలా వచ్చే నొప్పి నాకు పదిహేనేళ్లుగా తెలుసు. అది నడుములోంచి తొడల్లోకి దిగుతుంది, వేడినీళ్ల సీసాతో కాపడం పెట్టుకుంటే కాస్త సర్దుకుంటుంది. ఇది అది కాదు. మెస్సులో ఉప్మా వాసనకే కడుపులో తిప్పింది. మధ్యాహ్నం వాంతయింది. సాయంత్రానికి నొప్పి బొడ్డు వదిలి కుడిపక్క కిందికి దిగి అక్కడే కూర్చుంది. ఇప్పుడు వేలు పెట్టి చూపించగలను. నిటారుగా నిలబడలేను.

నా రూమ్మేట్ ఆటోలో క్లినిక్‌కి తీసుకెళ్లింది. దారిలో ఎన్ని స్పీడ్‌బ్రేకర్లున్నాయో ఆ రోజే లెక్కపెట్టాను, ఏడు. ఒక్కోటి దాటినప్పుడల్లా కుడిపక్కన కత్తి దిగినట్టయ్యేది. ఆటో డ్రైవరు నా మొహం అద్దంలో చూసి వేగం తగ్గించాడు. ఆ రోజు నా నొప్పిని నొప్పిగా చదివిన మొదటి మనిషి అతనే.

డాక్టరు నా వైపు చూడకుండానే అడిగిన మొదటి ప్రశ్న, "పెళ్లయిందా?"

"లేదు."

"పీరియడ్ ఎప్పుడు?"

"ఇంకో మూడు రోజుల్లో."

ఆమెకి కావలసిన సమాచారం పూర్తయింది. నేను చెప్పబోయాను. "మేడమ్, ఇది ఆ నొప్పి కాదు. పొద్దున బొడ్డు దగ్గరుండేది, ఇప్పుడిక్కడికి వచ్చింది. ఆటో ఎగిరినప్పుడల్లా ప్రాణం పోతోంది." ఆమె నవ్వి, "మన రోడ్లు అట్లాగే ఉన్నాయి కదమ్మా" అన్నారు. పీహెచ్‌డీ అని తెలిశాక టెన్షన్ ఎక్కువా అని అడిగారు. బల్ల మీద పడుకోబెట్టలేదు. పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు. గ్యాస్‌కి ఇంజెక్షన్, బహిష్టు నొప్పికి మాత్రలు రాసిచ్చారు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. డాక్టరు స్త్రీయే. ఈ సంగతి దాచి రాస్తే వాదన తేలికవుతుంది, కానీ నిజం కాదు.

రెండో రోజు రాత్రి నొప్పి హఠాత్తుగా తగ్గింది. "చూశావా, డేటొచ్చే ముందు అంతేనమ్మా" అంది అమ్మ ఫోన్లో. నేనూ నమ్మాను. లేచి కూర్చుని రెండు పేజీలు రాసుకున్నాను కూడా. తెల్లారేసరికి చలితో వణుకుతూ జ్వరం, పొట్టంతా చెక్కలా గట్టిపడిపోయింది. ఈసారి వెళ్లిన ఆసుపత్రిలో సర్జన్ పొట్ట మీద నెమ్మదిగా నొక్కి, చటుక్కున చెయ్యి తీశాడు. నా కేక విని ఇంక ఏమీ అడగలేదు. స్కానింగ్, రక్తపరీక్ష, ఆ మధ్యాహ్నమే ఆపరేషన్. అపెండిక్స్ అప్పటికే పగిలి చీము పొట్టంతా పాకింది. నొప్పి తగ్గిందని నేను సంతోషపడిన ఆ గంటే అది పగిలిన గంట. పదకొండు రోజులు ఆసుపత్రిలో, పొట్టలోంచి బయటికి ఒక గొట్టంతో. థీసిస్ ఐదు నెలలు వెనక్కి పోయింది. అందులో నేను అప్పటికే పూర్తిచేసిన భాగం 'అనుబంధం' ఒక్కటే. ఇంగ్లీషులో దాన్ని కూడా అపెండిక్స్ అనే అంటారని గుర్తొచ్చి, కుట్లు లాగుతున్నా నవ్వాను.

తర్వాత చాలా చదివాను. పరిశోధకురాలికి కోపం వస్తే చేసేది అదే కదా! చదివిన కొద్దీ కోపం పెరిగింది. ఎందుకంటే నేను ఆ డాక్టరుకి చెప్పినవి ఒక భయపడిన అమ్మాయి గొణుగుడు కాదు, వందేళ్లకి పైగా వైద్యపుస్తకాల్లో ఉన్న లక్షణాలు. 1886లో రెజినాల్డ్ ఫిట్జ్ అనే అమెరికన్ వైద్యుడు ఈ జబ్బుకి పేరు పెట్టి వివరించాడు. 1889లో చార్లెస్ మెక్‌బర్నీ నొప్పి ఎక్కడ కేంద్రీకరిస్తుందో చెప్పాడు. కుడివైపు తుంటి ఎముక మొన నుంచి బొడ్డుకి ఒక గీత గీస్తే, ఎముక వైపు నుంచి మూడో వంతు దూరంలో ఉంటుంది ఆ చోటు. నొప్పి ముందు బొడ్డు దగ్గర మొదలవడానికీ కారణం ఉంది. పేగుకి తానున్న చోటు కచ్చితంగా చెప్పుకునే నరాలు లేవు. అపెండిక్స్ వాచినప్పుడు ఆ కబురు వెన్నుపాములో బొడ్డు ప్రాంతపు నరాలు చేరే చోటికే చేరుతుంది. వాపు పొట్ట లోపలి పొరని తాకాక నొప్పి అసలు చోటుకి దిగుతుంది. అంటే 'నొప్పి చోటు మారింది' అన్న నా మాట ఈ జబ్బు కథలో అతి ముఖ్యమైన మలుపు.

1986లో ఆల్ఫ్రెడో అల్వరాడో ఈ జబ్బుని అనుమానించడానికి పది మార్కుల లెక్క ఒకటి తయారుచేశాడు. ఇప్పటికీ వైద్యవిద్యార్థులు దాన్ని నేర్చుకుంటారు. నొప్పి చోటు మారడానికి ఒకటి, ఆకలి పోవడానికి ఒకటి, వికారానికీ వాంతికీ కలిపి ఒకటి. ఈ మూడు మార్కులూ రోగి నోటి మాటకే! కుడి కింది పొట్ట నొక్కితే నొప్పి ఉంటే రెండు, చెయ్యి తీసినప్పుడు నొప్పి ఎగిసిపడితే ఒకటి. ఇవి చెయ్యి వేస్తే తెలిసేవి. జ్వరానికి ఒకటి. మిగిలిన మూడే రక్తపరీక్షవి. పదిలో ఏడు మార్కులకి వినే చెవి, తాకే చెయ్యి, ఒక థర్మామీటరు చాలు. ఏడు దాటితే అపెండిసైటిస్ అయ్యే అవకాశం ఎక్కువని ఆ లెక్క. ఏ యంత్రమూ లేని క్లినిక్‌లో కూడా చేయగలిగిన పని నా విషయంలో జరగలేదు. కారణం యంత్రాలు లేకపోవడం కాదు.

ఇక ఆ స్పీడ్‌బ్రేకర్ల మాట. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెలెన్ ఆష్‌డౌన్, ఆమె సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. అపెండిసైటిస్ అనుమానంతో వచ్చిన వాళ్లని, ఆసుపత్రికి వస్తుంటే స్పీడ్‌బ్రేకర్ల మీద నొప్పి పెరిగిందా అని అడిగారు. జబ్బు ఉందని తేలిన 34 మందిలో 33 మంది పెరిగిందన్నారు. జబ్బు లేనివాళ్లలో కూడా చాలామందికి ఆ నొప్పి ఉంది కాబట్టి ఒక్క ఈ లక్షణంతో నిర్ధారణ చేయలేం. కానీ పట్టించుకోవాల్సిన లక్షణం అని మాత్రం తేలింది. నేను క్లినిక్‌లో కూర్చునేనాటికి ఆ పరిశోధన వచ్చి ఐదేళ్లయింది. అదే మాట ఇంగ్లండ్‌లో పత్రికకెక్కితే శాస్త్రం. హైదరాబాదులో ఒక ఆడపిల్ల చెబితే రోడ్ల మీద జోకు!

ఇది నా ఒక్కదాని దురదృష్టం కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎమర్జెన్సీకి కడుపునొప్పితో వచ్చిన వాళ్ల మీద ఎస్తర్ చెన్ బృందం చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. స్త్రీలూ పురుషులూ చెప్పిన నొప్పి తీవ్రత దాదాపు ఒకటే. నొప్పి మందు అందడానికి పట్టిన సమయం మగవాళ్లకి 49 నిమిషాలు, ఆడవాళ్లకి 65. బలమైన నొప్పిమందు దొరికే అవకాశం కూడా ఆడవాళ్లకే తక్కువ. ఆ పదహారు నిమిషాల తేడాలో ఏముంది? కొంచెం ఆగితే తగ్గుతుందిలే, నెలనెలా ఉండేదేగా అన్న నమ్మకమే ఉంది.

ఇక్కడ వైద్యుల పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి. స్త్రీ పొట్టలో కుడివైపు కింద అపెండిక్స్‌తోపాటు అండాశయం, అండవాహిక కూడా ఉంటాయి. అండాశయం మెలిపడినా, అందులో తిత్తి పగిలినా, గర్భం ట్యూబులో నిలిచినా నొప్పి అక్కడే వస్తుంది. అందుకే బహిష్టు ఎప్పుడు అని అడగడం తప్పు కాదు, అడగకపోతేనే తప్పు. నా అభ్యంతరం అక్కడితో ఆగిపోవడం మీద. ఆ ప్రశ్న విచారణకి ఆరంభం కావాల్సింది పోయి తీర్పు అయిపోయింది. ఇక పెళ్లయిందా అన్న ప్రశ్న వైద్యమే కాదు. పెళ్లికాని స్త్రీకి గర్భం నిలవదా? ట్యూబులో గర్భం పెళ్లి సర్టిఫికెట్ చూసి వస్తుందా? నిజంగా తెలుసుకోవాలంటే తోడొచ్చినవాళ్లని బయటికి పంపి, గర్భం వచ్చే అవకాశం ఉందా అని మర్యాదగా అడగాలి, మూత్రపరీక్ష చేయాలి. పెళ్లి గురించి అడిగి వదిలేయడం రోగి పరువుని కాపాడుతుందేమో గానీ ప్రాణాన్ని కాదు.

మన భాషలోనే ఈ చిక్కు ఉంది. తెలుగులో కడుపు అంటే అన్నం పోయే చోటు, బిడ్డ పెరిగే చోటు కూడా. కడుపు నిండటం, కడుపు మాడటం అందరికీ ఉంటాయి. కడుపు రావడం, కడుపు పండటం, కడుపు పోవడం, కడుపుకోత, కడుపుతీపి స్త్రీలవి. మగవాడు 'కడుపులో నొప్పి' అంటే ఏం తిన్నావని అడుగుతారు. ఆడది అదే మాటంటే ఎన్నో నెల అనో, ఎన్నో రోజు అనో అడుగుతారు. గ్రీకులో గర్భసంచిని హిస్టెరా అనేవారు. హిస్టీరియా అన్న మాట అందులోంచే వచ్చింది. ఆ పేరున్న జబ్బుని అమెరికన్ మనోవైద్యులు తమ అధికారిక జాబితా నుంచి 1980లో తీసేశారు. పేరు పోయింది, చూపు పోలేదు.

ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని అమ్మ ఒక మాటంది. "నాకూ తీసేశారుగా అది." ఏంటమ్మా అన్నాను. "అదేనే, ఇరవైనాలుగ్గంటల నొప్పిది. గర్భసంచి తీసేటప్పుడు, ఎటూ పొట్ట కోశాం గదా అని అదీ తీసేశామన్నారు. మంచిదేగా, మళ్లీ ఆ నొప్పి రాకుండా పోద్ది."

మా ఊరు గుంటూరు జిల్లాలో ఉంది. అమ్మ జీవితమంతా మిరపచేలల్లో వంగి పనిచేసింది. 2001లో, ముప్పైమూడేళ్ల వయసులో, నడుంనొప్పి, తెల్లబట్ట అని ఊళ్లో ఆర్ఎంపీకి చెప్పుకుంటే ఆయన టౌనులో ఒక నర్సింగ్‌హోమ్‌కి పంపాడు. గర్భసంచికి పుండు పడింది, తీయకపోతే కేన్సరవుద్దన్నారు. వారంలో తీసేశారు. అరెకరం అప్పులో పోయింది. నడుంనొప్పి పోలేదు. అపెండిక్స్ సంగతి మాకు ఎవరికీ తెలియదు, ఆమె కూడా పదహారేళ్లపాటు చెప్పలేదు. చెప్పుకోవాల్సిన విషయమని ఆమెకి అనిపించలేదు. ఇంట్లో వెతికితే మందుల బిల్లులు దొరికాయి గానీ ఏం తీశారో రాసిన కాగితం ఒక్కటీ లేదు.

ఆరోజు రాత్రంతా మా ఇద్దరి పొట్టల గురించే ఆలోచించాను. అమ్మకి జబ్బు లేని అపెండిక్స్ అడక్కుండా తీసేశారు. నాకు జబ్బు చేసిన అపెండిక్స్ చెప్పినా చూడలేదు. పైకి ఇవి ఎదురెదురుగా ఉన్న రెండు తప్పుల్లా కనిపిస్తాయి. కానీ రెండింటికీ మూలం ఒకటే. రెండుసార్లూ పొట్టలో డాక్టరుకి కనిపించింది గర్భసంచి. రెండుసార్లూ ఆ పొట్ట గల మనిషి మాటకి విలువ లేదు.

దీనికి అంకెల్లో సాక్ష్యం ఉంది. అమెరికాలో ఆడిస్, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన పరిశోధన ప్రకారం జీవితకాలంలో అపెండిసైటిస్ వచ్చే అవకాశం పురుషులకి 8.6 శాతం, స్త్రీలకి 6.7 శాతం. అపెండిక్స్ తీసేసే అవకాశం మాత్రం పురుషులకి 12 శాతం, స్త్రీలకి 23.1 శాతం! జబ్బు తక్కువ వచ్చేవాళ్లకి కోత దాదాపు రెట్టింపు. వేరే ఆపరేషన్ కోసం పొట్ట కోసినప్పుడు పనిలోపనిగా తీసేయడమే ఇందుకు పెద్ద కారణం. ఆ పని వైద్యపరంగా సమర్థనీయమా కాదా అన్నది డాక్టర్లు తేల్చుకోవాల్సిన చర్చ. అడిగారా లేదా అన్నది మన చర్చ.

మన దగ్గర ఆ 'వేరే ఆపరేషన్' ఏమిటో మనందరికీ తెలుసు. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. చదువు లేనివాళ్లలో, పల్లెల్లో ఎక్కువ. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసర గర్భసంచి ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలని ఆదేశించాల్సి వచ్చింది. ఈ స్త్రీలంతా తమ ఆరోగ్యాన్ని నిర్లక్ష్యం చేసినవాళ్లా? కాదు. నొప్పి అని ఎవరికో ఒకరికి చెప్పుకున్నవాళ్లు. చెప్పుకున్నందుకు వాళ్లకి దొరికిన జవాబు అది.

ఇంతవరకూ వైద్యుల్ని అన్నాను. ఇప్పుడు మనల్ని అనుకుందాం. నా థీసిస్ స్త్రీల కథల్లో శరీరం గురించి. ఇంటికొచ్చాక దాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాను. మూడొందల పేజీల్లో బహిష్టు ఉంది, గర్భం ఉంది, అబార్షన్ ఉంది, పురుడు ఉంది. పేగు లేదు, పిత్తాశయం లేదు, మోకాలు లేదు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ఎంత అవసరమైన కవితలో నేను విడిగా చెప్పనక్కర్లేదు. నోరెత్తకూడదన్న చోట అవి నోరెత్తాయి. కానీ వాటి తర్వాత వచ్చిన మనం, విమర్శకులం, ఏం చేశాం? స్త్రీ శరీరం అనగానే గర్భసంచిని ప్రతీకగా నిలబెట్టి, మిగతా అవయవాలని మగవాళ్లకి వదిలేశాం. మిరపచేలో వంగిన నడుము, నీళ్లు తాగకుండా పాఠం చెప్పే టీచరు కిడ్నీ, అందరూ తిన్నాక మిగిలింది తినే కడుపు మన శరీర రాజకీయాల్లోకి సరిగా రాలేదు. దళిత, బహుజన రచయిత్రులు ఈ సంగతి మనకి ముందే చెప్పారు, శ్రమచేసే శరీరం గురించి రాశారు. మనం వాటిని కులం అన్న అధ్యాయంలో పెట్టి, శరీరం అన్న అధ్యాయాన్ని అలాగే ఉంచేశాం. ఆ డాక్టరు చదివినట్టే నేనూ చదివాను. తేడా ఒకటే, ఆమె దగ్గర మందుల చీటీ ఉంది, నా దగ్గర పాదసూచికలున్నాయి.

ఒకప్పుడు మన దగ్గర వేరే సంప్రదాయం ఉండేది. హైదరాబాదులో స్త్రీల బృందం కలిసి కూర్చుని, డాక్టర్లతో వాదించి 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చింది. డేవిడ్ వెర్నర్ పుస్తకం 'వైద్యుడు లేని చోట' తెలుగులో వచ్చింది. పొట్టని నెమ్మదిగా నొక్కి చటుక్కున వదిలి చూసే పరీక్షని ఎవరైనా చేయగలిగేలా అందులో వివరించారు. ఈ పుస్తకాలు స్త్రీలకి లక్షణాల జాబితా ఇచ్చి జాగ్రత్త అని బెదిరించలేదు. నీ ఒంటి సంగతి నీకు తెలుసు, దాన్ని ఇలా చెప్పు, ఇలా అడుగు అన్నాయి. ఆదివారం సంచికలో అరపేజీకీ వాటికీ తేడా అదే.

కాబట్టి ఈ పత్రికలో నేనూ చెబుతాను. బొడ్డు దగ్గర మొదలై గంటల్లో కుడిపక్క కిందికి దిగే నొప్పి, దాంతోపాటు ఆకలి చావడం, నొప్పి తర్వాత వచ్చే వాంతి, కొద్దిపాటి జ్వరం, దగ్గినా నడిచినా బండి కుదిపినా పెరగడం అపెండిసైటిస్ కావచ్చు. అందరికీ అన్నీ ఉండవు. గర్భిణుల్లోనూ వస్తుంది, ప్రసవంతో సంబంధం లేకుండా వాళ్లకి అత్యవసర ఆపరేషన్ అవసరమయ్యే జబ్బుల్లో ఇది ముందుంటుంది. వాళ్లలో నొప్పి ఇంకాస్త పైన కూడా ఉండవచ్చు. విరేచనాల మందు, ఎనిమా వద్దు. నొప్పి హఠాత్తుగా తగ్గితే నిశ్చింతగా ఉండొద్దు. ఇవన్నీ తెలుసుకుని వెళ్లండి. బల్ల మీద పడుకోబెట్టి చూడమని అడగండి. ఇంటికి పంపిస్తే, మళ్లీ ఎప్పుడు, ఏమైతే రావాలో కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్ అయితే ఏం తీశారో తెలుగులో రాసిమ్మనండి. అయితే ఇదంతా రోగి బాధ్యతే అన్నట్టు ముగించడం నాకు ఇష్టం లేదు. నాకు ఆ రోజు లక్షణాలన్నీ తెలుసు, పేరొక్కటే తెలియదు. పేరు చెప్పాల్సిన మనిషి ఎదురుగా కూర్చునే ఉంది.

పోయిన సంక్రాంతికి మా ఊళ్లో పక్కింటి కోడలికి కడుపునొప్పి వచ్చింది. అత్తగారు జీలకర్ర కషాయం కాస్తోంది. అమ్మ వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని, "పొద్దున ఎక్కడుండే? ఇప్పుడెక్కడుంది? దగ్గు చూద్దాం" అందట. తర్వాత ఆటో ఎక్కించి, దారిలో ప్రతి గతుక్కీ ఆ పిల్ల మొహం చూసిందట. టౌన్లో డాక్టరు నోరు తెరవకముందే, "డేటు మొన్నే అయిపోయింది, కడుపుతో కూడా లేదు, ముందు పొట్ట నొక్కి చూడండి" అని చెప్పిందట. అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. నా థీసిస్‌లో లేని అధ్యాయం ఆమె చెబుతోంది. మనం రాసుకోవడం మొదలుపెట్టాలి.